ఎండుచెయ్యి మీద విచారణ

ధర్మవరంలో పట్టుమగ్గం మీద దారం తెగితే దానికి నాలుగు కారణాలు ఉండవచ్చు. పట్టు నాసిరకమైనది కావచ్చు. గాలి పొడిగా ఉండవచ్చు. నేసేవాడు దెబ్బ గట్టిగా వేసి ఉండవచ్చు. అతుకు సరిగా పడి ఉండకపోవచ్చు. అయితే 1996 ఆషాఢం నాటికి ఆదెప్ప మగ్గాల షెడ్డులో ఈ నాలుగు కారణాలూ కొట్టుకుపోయి ఒక్కటే మిగిలింది. దాని పేరు దస్తగిరమ్మ.

ఆమె పని అచ్చు అతకడం. మగ్గంలో దారాలను విడివిడిగా పట్టి ఉంచే దువ్వెన లాంటి సాధనాన్ని అచ్చు అంటారు. పాత పడుగు నేత అయిపోవచ్చే వేళకు దాని కొసలు ఇంకా అచ్చులోనే ఉండగా, కొత్త పడుగులోని ఒక్కొక్క దారాన్నీ తెచ్చి ఆ కొసకు చేర్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని మెలితిప్పాలి. నాలుగువేలకు పైగా దారాలు, రెండు పగళ్ళ పని. మెలిక పడిందో లేదో కంటికి తెలియదు, వేలికే తెలుస్తుంది. ఆదెప్ప షెడ్డులో ఈ పని బాలనాగమ్మది. అరవై దాటిన ఆ మనిషి అతికిన పడుగు వెన్నలా నడుస్తుందని ఊళ్ళో పేరు. దస్తగిరమ్మకు పని నేర్పింది కూడా ఆమే. బాలనాగమ్మ రాలేని రోజుల్లో దస్తగిరమ్మను పిలిచేవారు.

ఆ ఆషాఢంలో శ్రావణం పెళ్ళిళ్ళకు చీరలు తొందరగా దిగాలని ఆదెప్ప నిప్పుల మీద నిలబడి ఉన్నాడు. దస్తగిరమ్మ అతికిన పడుగు మూడో చీర దగ్గరకు వచ్చేసరికి పూటకు నాలుగైదుసార్లు తెగసాగింది. మగ్గం గుంతలో కూర్చున్న లక్ష్మన్న విసిగిపోయి తల పైకెత్తాడు.

"అన్నా, నన్ను చీర నేయమన్నావా, ముళ్ళు వేయమన్నావా? పొద్దున్నుంచీ ముళ్ళే వేస్తాండా."

ఆదెప్ప వంగి పడుగును చూశాడు. ఆ తర్వాత వాకిట్లో నిలబడి ఉన్న దస్తగిరమ్మ చేతుల వంక చూశాడు. ఆ రెండో చూపు ఎక్కువసేపు నిలిచింది.

"ఏమ్మే, పోయినేడు నువ్వు అతికింది తెగె. అంతకు ముందేడూ తెగె. ఈ పొద్దు చూడు. నీది ఎండుచెయ్యి మే. నువ్వు మంచిదానివే, నేను కాదన్ను. చెయ్యే ఎండుది."

ఓ మూల రాట్నం మీద కండెలు చుట్టుకుంటున్న ఈరక్కకు ఇలాంటి మాట పడితే చాలు. "అదీ సంగతి! మొన్న ఆయమ్మ నా రాట్నం ముట్టుకున్నాది. ఆ పొద్దే పట్టీ తెగె. నేను ఎలకల మీద వేసుకుంటి, పాపం!"

షెడ్డంతా నవ్వింది. నవ్వుతో అంటుకున్న పేరు తిట్టుతో అంటుకున్నదాని కంటే గట్టిది. తిట్టును తిరగ్గొట్టవచ్చు, నవ్వును ఏం చేస్తారు? వారం తిరక్కుండానే ఆ పేరు మిగతా షెడ్లకు పాకింది. దస్తగిరమ్మను అచ్చు అతకడానికి పిలిచేవాళ్ళు లేకపోయారు. అదే షెడ్డులో మరో మగ్గం మీద నేసే ఆమె భర్త జమీర్‌కు మధ్యాహ్నం సద్ది తెచ్చినప్పుడు కూడా గిన్నె గడప బయట పెట్టి పోవాలని ఏర్పాటయింది.

అన్యాయం జరిగినవాళ్ళు అరుస్తారని లోకం అనుకుంటుంది. దస్తగిరమ్మ అరవలేదు. కారణం చాలా సరళం, ఆమె ఆ మాటను నమ్మింది. అది ఆమెకు కొత్త మాట కాదు కూడా.

ఆమె పుట్టింది పెనుకొండలో. నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. కొండ కింద మూడెకరాలు కోరుకు, అంటే పంటలో వాటా ఇచ్చే లెక్కన, చేసి శనక్కాయ వేసేవాడు. విత్తనం పొద్దున ఇంట్లోని చిన్నపిల్ల చేత మొదటి పిడికెడు గింజలు చాల్లో వేయించడం ఆ ఇంటి ఆచారం. దస్తగిరమ్మకు ఏడేళ్ళప్పుడు ఆ గౌరవం ఆమెకు దక్కింది. కొత్త పావడా కట్టుకుని, గింజలు వేసి, వెనక్కి తిరిగి అందరి వంకా గర్వంగా చూసింది. ఆ ఏడు వాన రాలేదు. మొలక మాడిపోయిన చేనుగట్టు మీద కూర్చుని అవ్వ అన్నది, "ఈ పిల్ల చెయ్యి మంచిది కాదురా." ఆకాశాన్ని నిలదీయడం ఎవరివల్ల అవుతుంది? పిల్ల చెయ్యి అందుబాటులో ఉంది. మరుసటి ఏడు గింజలు తమ్ముడి చేత వేయించారు. ఆ ఏడూ వాన అంతంతమాత్రమే. కానీ తమ్ముడి చేతిని ఎవరూ ఏమీ అనలేదు. ఆ సంగతి దస్తగిరమ్మ గమనించలేదు, గమనించే వయసూ కాదు.

అలా పాతికేళ్ళ కిందటి మాటకు ఆదెప్ప మాట వచ్చి అతుక్కుంది. ఆ అతుకు మాత్రం బాగా పడింది.

ఆ తర్వాతి మూడేళ్ళు ఆమె తన చేతుల మీద తానే పగబట్టి బతికింది. పక్కింట్లో బిడ్డ పుడితే చూడబోయి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. ఊరగాయ పెట్టేటప్పుడు ఉప్పు తాను వెయ్యకుండా జమీర్ చేత వేయించేది. సాయంత్రం పాలు కాచి, తోడు వెయ్యడానికి మాత్రం కూతురు షమీమ్‌ను పిలిచేది. చేసే ప్రతి పనికీ ముందు లోపలి నుంచి ఒక గొంతు లేచేది: నీ చెయ్యి తగిలితే ఏమవుతుందో తెలుసు కదా. అది అవ్వ గొంతో ఆదెప్ప గొంతో ఆమె ఎన్నడూ విచారించలేదు. తన గొంతే అనుకుంది.

1999 వేసవి సెలవుల్లో తొమ్మిదేళ్ళ షమీమ్ కండెలు చుట్టడం నేర్చుకుంటానని ఈరక్క దగ్గరకు పోయింది. పోయినంత వేగంగా తిరిగి వచ్చింది. ఏడవలేదు. వాకిట్లో ఎండలో నిలబడి రెండు అరచేతులూ చాపి, తిప్పి తిప్పి చూసుకుంది.

"అమ్మా, నాదీ ఎండుచెయ్యేనంట. ఈరక్క రాట్నం ముట్టనీలే."

దస్తగిరమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

"మరి నేను తోడేస్తే పెరుగు పేరుకుంటాది కదమ్మా?" అని అడిగింది షమీమ్. అది వాదన కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న.

తన చెయ్యి ఎండుదంటే మూడేళ్ళు తలవంచి ఒప్పుకున్న మనిషికి, కూతురి చెయ్యి ఎండుదనేసరికి ఒళ్ళు భగ్గుమంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన జమీర్ సంగతంతా విని, నెమ్మదస్తుడు కాబట్టి నెమ్మదిగా చెప్పాడు.

"ఊరి నోరు మనం మూయలేము కదా. వదిలెయ్. దానికి వేరే పని నేర్పిస్తాం."

"ఏంటికి వదలల్ల? వానలేంది నా వల్లనంట. పట్టు తెగేది నా వల్లనంట. ఇప్పుడు రాట్నం పట్టీ నా బిడ్డ వల్ల తెగుతాదంట. రేపు రైలు ఆలస్యంగా వస్తే అదీ మా వల్లేనంటారా?"

"నువ్వే కదా ఇన్నేళ్ళూ నాది ఎండుచెయ్యి అంటాంటివి," అన్నాడు జమీర్. వెక్కిరింత కాదు, ఉన్న మాటే.

ఆ మాట దస్తగిరమ్మను నిద్రపోనివ్వలేదు. నెల తిరక్కముందే, హిందూపురంలో పట్టుగూళ్ళ నుంచి దారం తీసే రీలింగ్ యూనిట్లో పనిచేస్తున్న అక్క ముంతాజ్ దగ్గరకు, ఎండుచెయ్యి పేరు ఎవరికీ తెలియని చోటికి, పనికి పోయింది. సోమవారం ప్యాసింజరులో పోవడం, శనివారం తిరిగి రావడం. షమీమ్ బడి కోసం జమీర్ దగ్గరే ఉండిపోయింది.

మరిగే నీళ్ళలో గూళ్ళను ఉడకబెట్టి, ఒక్కొక్క గూటి కొసను వెతికి పట్టుకుని, ఏడెనిమిది కొసలను కలిపి చక్రానికి ఎక్కించాలి. ఉడికిన పురుగుల వాసనకు మొదటి పూట ముక్కుకు కొంగు కట్టుకుంది. రెండో పూట దారం తెగింది. దస్తగిరమ్మ తొట్టి దగ్గర నుంచి రెండడుగులు వెనక్కి వేసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

మేస్త్రి ఏసుదాసు అటుగా వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఆవిరిలో నానిన మనిషి. "ఏమ్మా, తేలు కుట్టినట్ల ఆడికి పోయినావు?"

"దారం తెగినాది మేస్త్రీ."

"తెగుతాది. యా లాటు?"

మార్కెట్లో ఒక రైతు దగ్గర ఒక విడతగా కొన్న గూళ్ళను లాటు అంటారు. ఆ సంగతి ఆమెకు ఇంకా తెలియదు. తెలిసిన సంగతి చెప్పింది. "నాది ఎండుచెయ్యి మేస్త్రీ. ముందే చెప్పల్సింది. తప్పైపాయ."

ఏసుదాసు తొట్టిలోకి వంగి చూశాడు. "ఎండుదో పచ్చిదో నాకెందుకమ్మా? నీళ్ళలో పెట్టినాక అన్ని చేతులూ తడే. యా లాటో చెప్పు."

పక్క తొట్టి దగ్గర ముంతాజ్ నవ్వాపుకోలేక గరిటె వదిలేసింది.

అక్కడ ప్రతి తొట్టి దగ్గరా ఒక పలక వేలాడుతుంది. ఏ లాటు గూళ్ళు, నీళ్ళ వేడి ఎంత, పూటకు ఎన్నిసార్లు తెగింది అన్నవి ఆ పలక మీద గీతలుగా పడతాయి. ఒకే లాటును నాలుగు తొట్లకు పంచుతారు. నాలుగు చోట్లా తెగితే గూళ్ళ దోషం. ఒక్క చోటే తెగితే ముందు నీళ్ళ వేడి చూస్తారు. వేడి సరిగా ఉంటే చక్రం చూస్తారు. ఇవేవీ కాకపోతేనే చేతిని చూస్తారు. చూసి తిట్టరు, పక్కన కూర్చుని కొస ఎట్లా పట్టాలో మళ్ళీ చూపిస్తారు. చెయ్యి ఎన్నటికీ తప్పు చేయదని ఏసుదాసు అనలేదు. చేతి వంతు చివర్న వస్తుందన్నది మాత్రమే ఆయన పద్ధతి.

రెండు నెలల తర్వాత దస్తగిరమ్మ ధైర్యం చేసి తన పలకను పక్కవాళ్ళ పలకలతో పోల్చి చూసింది. అందరికంటే ఎక్కువా లేదు, అందరికంటే తక్కువా లేదు. మధ్యరకం. జీవితంలో ఆమెను అంత సంతోషపెట్టిన మాట మరొకటి లేదు.

అయినా లోపలి గొంతు ఊరుకుంటుందా? ఆవిరిలో కూడా లేచేది. నీ చెయ్యి తగిలితే ఏమవుతుందో తెలుసు కదా. ఒకనాడు ఆమె ఆ గొంతును, ఏసుదాసు స్వరంలోనే, అడిగింది: యా లాటు? గొంతు తడబడింది. ఎన్నడూ ఎవరూ ఎదురు ప్రశ్న వేయని సాక్షి అది. బోనులో నిలబెట్టి అడిగేసరికి దానికి తేదీ తెలియదు, ఊరు తెలియదు, లెక్క తెలియదు. ఉన్నదల్లా అరుపు.

ఒక శనివారం తిరుగు ప్రయాణంలో రైలు పెనుకొండలో ఆగింది. కొండ కింద నుంచి కనుచూపు మేర బీడు. ఆ ఏడూ వాన పడలేదు. కిటికీ పక్కన కూర్చున్న దస్తగిరమ్మ ఏడేళ్ళ పిల్ల వేసిన పిడికెడు గింజలను తలుచుకుంది. ఆ ఏడు ఎండింది నాయన మూడెకరాలేనా? కొత్తచెరువు ఎండలేదా, చెన్నేకొత్తపల్లి ఎండలేదా, కదిరి అవతల నంబులపూలకుంట దాకా మాడిపోలేదా? అన్ని ఊళ్ళను ఎండబెట్టాలంటే నా చెయ్యి ఎంత పెద్దదై ఉండాల? ఆ ఊహకు ఆమె పైకే నవ్వింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన తనను చూసి నవ్విందేమోనని తలపాగా సర్దుకున్నాడు.

ఆ తర్వాత ఆమె ఆదెప్ప షెడ్డు మీద విచారణ మొదలుపెట్టింది. అతికినవి మొత్తం ఎనిమిది పడుగులు. ఒక్కొక్కదాన్నీ గుర్తు చేసుకుంది. ఏడు తెగాయి. ఎనిమిదోది? ఎనిమిదోది అతికిన నాడు ఆదెప్ప భార్య ఉడకబెట్టిన అనపకాయలు దోసిట్లో పోసింది. అనపకాయలంటే చలికాలం. ఆ పడుగు నాలుగు చీరలూ చక్కగా దిగింది. తెగనిది కాబట్టి ఎవరికీ గుర్తులేదు, ఆమెకు కూడా. మిగిలిన ఏడూ ఆషాఢంలోనివి. అనంతపురం జిల్లాలో ఆషాఢమంటే గాలికాలం. పడమటి నుంచి పొడిగాలి ఈదురుగా కొట్టి పట్టులోని తేమను పీల్చేస్తుంది. ఎవరు అతికినా ఆ నెలలో దారం గాజులా ఉంటుంది.

మరి ప్రతి ఆషాఢంలోనూ తననే ఎందుకు పిలిచారు? బాలనాగమ్మ రాదు కాబట్టి. ముప్పై ఏళ్ళ కిందట కొడుక్కి అమ్మవారు పోసినప్పుడు, ఆషాఢమంతా దారం ముట్టనని మారెమ్మకు ఆమె మొక్కుకుంది. ఆ మొక్కు ఏనాడూ తప్పలేదు. అంటే బాలనాగమ్మ మంచిచెయ్యి ముప్పై ఏళ్ళుగా గాలికాలాన్ని చూడలేదు. దస్తగిరమ్మ ఎండుచెయ్యి ఆ ఒక్క అనపకాయల పడుగును మినహాయిస్తే గాలికాలాన్ని తప్ప మరో కాలాన్ని చూడలేదు.

ఇంకొక సంగతి ఆమెకు పిడుగులా తోచింది. అచ్చు అతికేవాళ్ళ వేలు తగిలేది అతుకు దగ్గర మాత్రమే. అతుకులన్నీ మొదటి పూటే అచ్చు దాటి వెళ్ళిపోతాయి. మూడో చీరలో తెగిన దారాన్ని ఆమె జన్మలో ముట్టుకోలేదు!

2001 జ్యేష్ఠం చివర్న ఆమె హిందూపురం పని మాని వచ్చి ఆదెప్ప షెడ్డుకు వెళ్ళింది. గడప బయట ఆగలేదు. లోపలికి వచ్చి నిలబడింది. అప్పటికి ఆదెప్పకు మూడు మగ్గాలు కొత్త పడుగుకు సిద్ధంగా ఉన్నాయి. ఆషాఢం ఐదు రోజుల్లో ఉంది. రోజుకు సగం పడుగు అతికే బాలనాగమ్మ ఒక్కతే రెండిటికీ, ఇంకొకదాని సగానికీ సరిపోతుంది. ఈ లెక్క దస్తగిరమ్మ చూసుకునే వచ్చింది.

"ఆదెప్పన్నా, మూడో మగ్గం నేను అతుకుతా."

"నీకు చెప్పిందే కదమ్మా మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటావు."

"మూడో చీరలో తెగిన దారం నేను యాడ ముట్టినా? నా అతుకు మొదటి పూటే దాటిపోయ్యింటాది కదా."

ఆదెప్ప మూర్ఖుడు కాడు. కానీ తెలివైనవాడు తన అపోహకు కాపలా కాసినంత జాగ్రత్తగా మూర్ఖుడు కాయలేడు. "చేతి దోషం పడుగంతా పాకుతాది. ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే అందరికీ రాదా? నిప్పు లేనిదే పొగొస్తాదామ్మా?"

"అది పొగ కాదన్నా, దుమ్ము. గాలికాలంలో నిప్పు లేకుండానే లేస్తాది."

గుంతలో లక్ష్మన్న కిసుక్కున నవ్వాడు. ఈసారి నవ్వు ఆదెప్ప వైపు పోయింది.

అప్పుడు ఆమె తన షరతు చెప్పింది. మూడో మగ్గం పడుగులో సగం బాలనాగమ్మ పెద్దమ్మ అతుకుతుంది, సగం తాను. ఒకే పట్టు, ఒకే మగ్గం, ఒకే గాలి. ఏ సగం ఎవరిదో పెద్దమ్మకూ తనకూ తప్ప ఎవరికీ తెలియకూడదు. అతికే రోజంతా మగ్గానికి దుప్పటి అడ్డం కట్టాలి. లక్ష్మన్న నేస్తాడు. దారం ఎడమ సగంలో తెగితే ఎడమ డబ్బాలో చింతపిక్క, కుడి సగంలో తెగితే కుడి డబ్బాలో చింతపిక్క వేయాలి. అతుకు దగ్గరే తెగితే పిక్కకు బదులు శనగగింజ.

"నాకు తెలిస్తే ఏమి? నేనేమన్నా దొంగలెక్క వేస్తానా?" అని లక్ష్మన్న నొచ్చుకున్నాడు.

"వెయ్యవన్నా. కానీ నా పక్క తెగితే నీకు గట్టిగా వినపడతాది. ఆయమ్మ పక్క తెగితే అలికిడే ఉండదు. అది నీ తప్పు కాదు. నాకే అట్ల వినపడతాండె ఇన్నేళ్ళూ."

ఆదెప్ప చాలాసేపు గొణిగాడు. చివరకు మనిషి దొరకక ఒప్పుకున్నాడు. "ఎక్కువ తెగిన సగం నీదని తేలితే మళ్ళీ ఈ గడప తొక్కకూడదు."

"తొక్కను. నా బిడ్డ కూడా తొక్కదు," అన్నది దస్తగిరమ్మ. తాను పందెంలో పెట్టింది ఏమిటో ఆమెకు తెలుసు. ఓడిపోతే షమీమ్ తన అరచేతులను బతుకంతా అలాగే తిప్పి చూసుకుంటుంది.

దుప్పటి చాటున ఇద్దరు ఆడవాళ్ళూ పక్కపక్కన కూర్చుని అతికారు. పని సగంలో ఉండగా బాలనాగమ్మ తల ఎత్తకుండానే అన్నది.

"ఆ పొద్దు ఆదెప్ప నిన్ను అట్లంటే నేను ఆడనే ఉంటి. ఏమీ అనలేదు."

"గుర్తుండాది పెద్దమ్మా."

"నా చెయ్యి మంచిదంటే నాకు తియ్యగా ఉండె మే. ఆ తీపిలో నీ చేదు నాకు కనపళ్ళే."

క్షమించానని అనడానికి దస్తగిరమ్మకు నోరు రాలేదు. అబద్ధం అవుతుందని తెలుసు. బూడిద గిన్నెను మాత్రం ముసలామెకు అందేలా జరిపింది.

గాలి ఆ ఏడు పిచ్చెత్తినట్టు కొట్టింది. షెడ్డు రేకులు రేయింబవళ్ళు కొట్టుకున్నాయి. నెల రోజులపాటు డబ్బాల్లో టంగుమంటూ గింజలు పడ్డాయి. దస్తగిరమ్మ సద్ది తెచ్చి గడప లోపలే పెట్టేది, డబ్బాల వంక మాత్రం చూసేది కాదు. లోపలి గొంతు రోజూ లేచి, కుడి డబ్బా నిండుతోంది, విన్నావా, అనేది. నెలాఖరుకు తెలుస్తుంది, అంతవరకూ నోర్ముయ్, అని ఆమె దాన్ని కూర్చోబెట్టేది. కొన్నాళ్ళు కూర్చునేది, కొన్నాళ్ళు లేదు.

నాలుగో చీర దిగిన సాయంత్రం అందరూ చేరారు. లక్ష్మన్న డబ్బాలు నేల మీద బోర్లించి లెక్క పెట్టాడు. ఎడమ నలభై మూడు, అందులో శనగలు రెండు. కుడి ముప్పై ఎనిమిది, అందులో శనగ ఒకటి.

ఆదెప్ప నిట్టూర్చి ఎడమ కుప్ప వైపు వేలు చూపించాడు. గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "నేను చెప్పలేదా దస్తగిరమ్మా? చూసినంతనే తెలుస్తాండాది. ఎండుచెయ్యి యాడున్నా దాగదు."

"అది నాది," అన్నది బాలనాగమ్మ.

ఈరక్క రాట్నం ఆగింది.

"ఎడమ సగం నాది ఆదెప్పా. మంచిచెయ్యి అంటివే, అదే ఇది." ముసలామె తన వేళ్ళను అందరికీ కనబడేలా చాపింది.

ఆదెప్ప ముఖంలో రంగులు మారాయి. నమ్మకం ఒక ఇల్లు కూలితే మరో ఇల్లు వెతుక్కుంటుంది. అందుకు దానికి ఎంతోసేపు పట్టదు. "అట్లయితే... వయసు మీద పడింది కదమ్మా. నీ చెయ్యి కూడా ఎండిపోతాండాది. పోనీలే, ఇంక దస్తగిరమ్మే..."

ఇన్నేళ్ళుగా దస్తగిరమ్మ ఎదురుచూసిన మాట అదే. ఇంకొక్క క్షణం ఊరుకుంటే చాలు, ఆ పేరు ఆమె తల మీద నుంచి దిగి ముసలామె తల మీద కూర్చుంటుంది. ఊరుకోవడానికి ఆమెకు హక్కు లేదనీ అనలేం. తనను అన్ననాడు ఈ ముసలామె ఊరుకుంది కదా.

"ఆపన్నా!" ఆమె గొంతు షెడ్డు రేకులకు తగిలింది. "నా మీద నుంచి తీసి ఆయమ్మ మీద వేస్తాండావా? అది పాత చీరా, ఒకరు విడిస్తే ఇంకొకరు కట్టుకునేదానికి?"

"లెక్క నువ్వు పెట్టిందే కదమ్మా. ఐదు ఎక్కువ తెగినాది."

"నాలుగువేల దారాల్లో ఐదు! రేపు ఇంకో పడుగు పెడితే నా పక్కే ఐదు ఎక్కువ తెగొచ్చు. అప్పుడు మళ్ళీ నా ఇంటికొస్తావా? ఈ గింజలు చూడు. రెండు పక్కలా కలిపి ఎనభై ఒకటి. అతుకు దగ్గర తెగింది మూడు. మూడే! ఆ మూట్లో ఒకటి నాది. అది నా చేతి తప్పు, నేను ఒప్పుకుంటా. మెలిక సరిగ్గా పడలే." ఆమె వంగి కుడి కుప్పలోంచి ఆ ఒక్క శనగగింజను ఏరి కొంగున ముడేసుకుంది. "మిగతా పిక్కల్లో ఒక్కటి కూడా నాది కాదు. ఒక్కటి కూడా ఆయమ్మది కాదు. గాలిని అడుగు. పట్టును అడుగు. యా లాటు పట్టు తెస్తివో అడుగు. తడి గోనెపట్టలు వాకిలికి ఏంటికి కట్టలేదో నిన్ను నువ్వు అడుగు. అన్నీ అడిగినాక, అప్పుడు రా చేతి దగ్గరికి."

లక్ష్మన్న నెమ్మదిగా పిక్కలన్నిటినీ ఒకే డబ్బాలోకి ఎత్తాడు. ఆదెప్ప తప్పయిందని అనలేదు. అనే రకం మనిషి కాడు. వాకిలి వైపు చూసి, "గోనెపట్టలు యాడుండాయిరా లక్ష్మన్నా?" అని మాత్రం అడిగాడు. ఈరక్క ఇంకా మూతి తిప్పుకునే ఉంది. ఆమె ఆ తర్వాత చాలా కాలం దాకా నమ్మలేదు. అయినా మరునాటి నుంచి షమీమ్ రాట్నం ముట్టుకుంటే వద్దనడానికి ఆమెకు మాట దొరకలేదు.

దస్తగిరమ్మ ఆ షెడ్డులో చాలా ఏళ్ళు అచ్చు అతికింది. బాగా అతికిన రోజులున్నాయి, పదేసి ముళ్ళు వేయించిన రోజులూ ఉన్నాయి. లోపలి గొంతు చచ్చిపోయిందని చెబితే అది అబద్ధం. అది వస్తూనే ఉండేది. వచ్చిన ప్రతిసారీ దాన్ని నిలబెట్టి, తేదీ అడిగి, ఊరు అడిగి, సాక్ష్యం లేకపోతే పంపించేది.

గింజలు లెక్కపెట్టిన ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి పాలు కాచింది. అలవాటు ప్రకారం షమీమ్ తోడు వెయ్యడానికి వచ్చి నిలబడింది.

"నువ్వు పో," అన్నది దస్తగిరమ్మ. గోరువెచ్చని పాలలో తన చేత్తోనే చెంచాడు మజ్జిగ వేసి కలియబెట్టింది. పేరుకోదు, అన్నది లోపలి గొంతు.

"పేరుకోకపోతే," అంటూ ఆమె గిన్నె మీద మూత గట్టిగా పెట్టింది, "పాలు యాడివో అడుగుతా."